జాబితాలో లేని కార్డు

చివరి స్క్రూ ఊడి రానంటోంది. బోల్టక్క దాని నెత్తిన చిన్న రబ్బరు ముక్క పెట్టి, పైనుంచి స్క్రూడ్రైవరు అదిమిపట్టి, ఊపిరి బిగించి తిప్పింది. కిర్రుమని కదిలింది.

"అలిగింది చాలు, రా ఇంక," అంది దానితో. పొద్దున్నుంచి ఆమె నోట వచ్చిన మొదటి మాట అదే.

పైన నాలుగంతస్తుల్లో వంతెనలూ సొరంగాలూ గీసే ఆఫీసు. కింద నేలమాళిగలో ఈ గది. కిటికీ లేదు. గోడకి బాగా ఎత్తులో జానెడు జాలీ ఉంది. అందులోంచి వీధిలో పోయేవాళ్ళ కాళ్ళు మాత్రం కనిపిస్తాయి. ఇరవై రెండేళ్ళుగా ఆ కాళ్ళే ఆమెకు ఇరుగూ పొరుగూ.

ఆమె ఈ ఆఫీసుకి వచ్చింది కంప్యూటర్ తెరలు తుడవడానికి. తుడిచీ తుడిచీ లోపలేముందో చూడాలనిపించింది. పనికిరాదని మూలన పడేసిన యంత్రాన్ని ఒక మధ్యాహ్నం విప్పి, దుమ్ము దులిపి, ఊడిన తీగ బిగిస్తే అది లేచి కూర్చుంది. అంతటితో చేతిలో గుడ్డ పోయి స్క్రూడ్రైవరు వచ్చింది. అసలు పేరు పోయి బోల్టక్క మిగిలింది. జీతం కాగితం మీద తప్ప ఆ పాత పేరు ఇప్పుడెక్కడా వినపడదు.

ఇవాళ బల్లమీద పడుకున్నది మూడో అంతస్తు ఇంజనీరుగారి వర్క్‌స్టేషన్. ఇనప్పెట్టెలా ఇద్దరు పట్టి ఎత్తాల్సిన బరువు. తొమ్మిదేళ్ళ వయసు. ఆయన తెరమీద వంతెనను ఇలా తిప్పబోతే చాలు, బొమ్మ బిగుసుకుపోతోంది. తెరమీదికి బొమ్మను తెచ్చే గ్రాఫిక్స్ కార్డు ప్రాణం మీదికొచ్చింది. యంత్రం చేసినవాళ్ళు ఇచ్చిన జాబితాలో ఉన్న కార్డులే దీనికి పెట్టాలి. ఆ కార్డులు తయారు చేయడం మానేసి నాలుగేళ్ళయింది. కొత్త యంత్రానికి దస్త్రం కదులుతోందట, నత్తకి నడక నేర్పుతూ. మూడు గంటలకి ఈ పని ఇచ్చే పెద్దవాళ్ళొచ్చి వంతెన చూస్తారు. తెరమీద అది తిరగకపోతే ఆ పని ఇంకో ఆఫీసుకి పోతుంది.

అందుకని బోల్టక్క ఆటలాడుకునే కంప్యూటర్లకి పెట్టే కార్డొకటి తెచ్చుకుంది. జాబితాలో లేని కార్డు పెడితే జరిగేదానికి పెట్టినవారిదే బాధ్యతని స్టోర్సు ఆఫీసరు ఇప్పటికి రెండు మెమోలిచ్చాడు. ఆ రెంటినీ ఆమె భద్రంగా మడిచి ఊగులాడే బల్లకోడు కింద పెట్టింది.

కార్డు రెండువేళ్ళంత పొడుగెక్కువ. ముందువైపు డిస్కు కూర్చునే చట్రం అడ్డం. చట్రం విప్పి, డిస్కుని పైన ఖాళీ అరలోకి మార్చింది. యంత్రంలోని కరెంటు ప్లగ్గుకి ఆరు రంధ్రాలు, కార్డు ఎనిమిది అడుగుతోంది. రెంటినీ కలిపే తీగ వెతికి తగిలించింది. కార్డు ఎంత కరెంటు తాగుతుందో, యంత్రం ఎంత పొయ్యగలదో కాగితం మీద లెక్క చూసుకుంది. సరిపోతుంది, బొటాబొటిగా. స్విచ్చు నొక్కింది.

ఫ్యాన్లు హోరెత్తాయి. యంత్రం మూడు కూతలు కూసింది. తెర నల్లగా ఉండిపోయింది.

"ఎవరో తెలియని మనిషొచ్చిందనా? ఆగు, పరిచయం చేస్తా."

కొత్త కార్డు తీసి, ఒక పాత చిన్న కార్డుతో లేపి, యంత్రం కళ్ళు తెరవగానే చదువుకునే ప్రోగ్రామును కొత్తది ఎక్కించడం మొదలుపెట్టింది. ఇరవై నిమిషాల పని. మధ్యలో కరెంటు పోతే యంత్రం పోయినట్టే. బల్ల దగ్గరే నిలబడింది. ఎడమ భుజంలో పొద్దున మొదలైన నొప్పి మోచేతి దాకా దిగింది. నిన్న ట్రాలీ లాగినందుకేమో అనుకుంది.

ఫోన్ మోగింది. తమ్ముడు. తమ్ముడు ఫోన్ చేశాడంటే వాడి కంప్యూటర్‌కి జబ్బు చేసిందన్నమాటే.

"అక్కా, ప్రింటరు పలకట్లేదే!"

"తీగ పీకి మళ్ళీ పెట్టావా?"

"పెట్టా."

"ఆపి మళ్ళీ వేశావా?"

అవతల ఏదో గరగరమంది. "ఆఁ, వచ్చేసింది! నువ్వు దేవతవే అక్కా."

"ఒరేయ్, ఈ ఎడంచెయ్యి నాకు..."

"ఉంటానక్కా, కొట్టు ముందు క్యూలో మనుషులున్నారు. సాయంత్రం చేస్తా."

ఆమె ఫోన్ బల్లమీద బోర్లించింది. వాణ్ణి చంకనేసుకుని పెంచిన చెయ్యి అది. తెరమీద గీత నూటికి అరవై దాకా వచ్చింది. జాలీలోంచి ఎర్ర చెప్పులు వెళ్ళాయి, వాటి వెనకే చక్రాల బండి ఒకటి.

రెండుంపావుకి పెద్ద కార్డుతో యంత్రం కిమ్మనకుండా లేచింది. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ మాత్రం ఈ కార్డు నాకు తెలియదని పసుపురంగు హెచ్చరిక చూపించింది. "నాకు తెలుసులే," అని దాన్ని మూసేసింది. మూత వేసి, బల్లమీంచి ట్రాలీ మీదికి జరిపి, లిఫ్టులో పైకి తీసుకెళ్ళింది.

ఇంజనీరు నలభై ఏడేళ్ళవాడు. గోళ్ళు కొరుక్కుంటున్నాడు. తీగలు తగిలించి ఆమె తప్పుకుంది. ఆయన మౌస్ కదిపాడు. వంతెన నీళ్ళలో తామరాకులా మెత్తగా తిరిగింది. మళ్ళీ తిప్పాడు, ఇంకా వేగంగా.

"అక్కా, ఏం చేశారండీ దీన్ని!"

"ఏం లేదు సార్. ఎవరైనా అడిగితే నేనే పెట్టానని చెప్పండి."

"నేనే పెట్టమన్నానని చెప్తా." ఆమె ట్రాలీ తిప్పుకుంటుంటే ఆయన ఆపాడు. "ఆగండి. ఎప్పుడైనా చూశారా మీరు, మేం గీసేవి?"

చూడలేదు. ఇన్నేళ్ళూ ఆమె తెరలమీద చూసింది యంత్రాన్ని పరీక్షించే రంగుల గడులే. ఆయన కుర్చీ జరిపాడు. వంతెన దగ్గరికొచ్చింది. కమ్మీలు, స్తంభాలు, కింద కదిలే నీళ్ళు. ఆయన ఇంకా కిందికి దించితే వాళ్ళిద్దరూ ఆ వంతెన మీద నడుస్తున్నట్టే ఉంది. ఆమె అవతలి ఒడ్డు దాకా కళ్ళతో నడిచింది.

"బాగా పొడుగు సార్. మధ్యలో కూచోడానికేం లేదా?"

"వంతెనమీద ఎవరు కూచుంటారండీ?"

"కాళ్ళు నొప్పెట్టినవాళ్ళు."

ఆయన నవ్వాడు. "బెంచీ మాకిచ్చిన జాబితాలో లేదక్కా."

"మీ కార్డు మాత్రం ఉందా?"

ఆయన గట్టిగా నవ్వేశాడు. నవ్వుతూనే వంతెన నడిమధ్య ఒక బెంచీ పెట్టాడు. "చాలా?" అన్నాడు. ఆమె కాసేపు దాన్నే చూసింది. "నీళ్ళవైపు తిప్పండి," అంది. ఆయన తిప్పాడు. అంతలో గుమ్మం దగ్గర బూట్ల చప్పుడయింది. పెద్దవాళ్ళొచ్చారు. ఆమె గోడవారగా ట్రాలీ తోసుకుంటూ వచ్చేసింది. ఎవరూ తలెత్తి చూడలేదు. లిఫ్టులో మాత్రం ఆమె తనలో తనే నవ్వుకుంది.

ఆ సాయంత్రం ఒంట్లో బాగాలేదని గంట ముందే తాళం వేసింది. అలా ముందుగా వెళ్ళడం ఇరవై రెండేళ్ళలో అదే మొదటిసారి. తన గదికి చేరి, మంచినీళ్ళు తాగి పడుకుంది. తెల్లారినా లేవలేదు. పాలప్యాకెట్టు గుమ్మంలోనే ఉండటం చూసి ఇల్లుగలావిడ తలుపు తట్టింది. కబురందుకుని తమ్ముడొచ్చాడు. ముందురోజు సాయంత్రం ఫోన్ చేయడం మర్చిపోయిన సంగతి వచ్చినవాళ్ళందరికీ చెప్పి చెప్పి ఏడ్చాడు.

వంతెన పని ఆఫీసుకే దక్కింది. పెద్దవాళ్ళు బెంచీ అనవసరమని కొట్టేశారు. ఇంజనీరు నకళ్ళన్నిట్లోంచీ దాన్ని తీసేశాడు.

ఎనిమిది నెలల తరవాత ఆయన యంత్రంలో ఫ్యాను గోల పెట్టింది. బోల్టక్క స్థానంలో వచ్చిన మెకానిక్కు మూత ఊడదీసి, లోపలివైపు చూసి ఆగిపోయాడు. ఇంజనీరు వంగి చూశాడు. గాయాలకేసే తెల్ల ప్లాస్టరు ముక్క మీద నీలం సిరాతో గుండ్రటి అక్షరాలు:

"తమ్ముడో చెల్లెలో, నువ్వెవరైనా సరే. ఈ కార్డు జాబితాలో లేదు గానీ బుద్ధిమంతురాలు. బలవంతాన లాగకు. వెనక కొస కాస్త ఎత్తి వాల్చు, అదే వస్తుంది. అన్నం తిన్నాక మొదలెట్టు, ఖాళీ కడుపుతో కసురుకుంటావు."

మెకానిక్కు మూతని గోడకి ఆనించి, భోజనానికి వెళ్ళాడు. ఇనపరేకు మీద ప్లాస్టరు గట్టిగానే అంటుకుని ఉంది, ఒక్క మూల మాత్రం కాస్త పైకి లేచి.