పైవాడితో పైనమ్మ పేచీ

రేవులో అందరూ ఆమెను పైనమ్మ అనేవాళ్లు. ఓడల్లోకి ఇనుప పెట్టెలు ఎక్కించి దించే పెద్ద క్రేనుకు ఆమె డ్రైవరు. ఆ క్రేను మెడ దగ్గర చిన్న గాజు గది ఒకటి ఉంటుంది. అందులో కూర్చుంటే కాళ్ల కింద గాజు, గాజు కింద గాలి, ఆ కింద ఎక్కడో అగ్గిపెట్టెల్లాంటి లారీలు. నేల మీదున్న వాళ్లకు ఆమె ముఖం కనపడదు, రేడియోలో గొంతు మాత్రం వినపడుతుంది. "పైవాడు పలకడు గానీ మన పైనమ్మ పిలిస్తే పలుకుతుంది" అని లారీ డ్రైవర్లు నవ్వుకునేవాళ్లు. ఏళ్ల తరబడి ఆమె కూడా ఆ మాటకు నవ్వింది. ఈమధ్యే ఆ మాట వింటే ఒళ్లు మండడం మొదలైంది.

కారణం లేకపోలేదు. ఒకరోజు మేనేజరు క్రేను డ్రైవర్లందరినీ క్యాంటీనులో కూర్చోబెట్టి చల్లగా చెప్పాడు. పాత క్రేన్లు తీసేస్తున్నారట. రైల్లో ఒక పగలంతా ప్రయాణం చేస్తే వచ్చే ఊళ్లో కొత్త రేవు కడుతున్నారట. అక్కడ క్రేను పైకి ఎక్కే పనే ఉండదు, నేల మీద ఒక గదిలో కూర్చుని తెరల్లో చూస్తూ నడపాలి. ఇష్టమున్నవాళ్లు అక్కడికి రావచ్చు. లేనివాళ్లకు ఇక్కడే యార్డులో ఏదో ఒక నేలపని.

"ఆలోచించుకుని నెలాఖరులోగా చెప్పండి" అన్నాడు, అదేదో టీయా కాఫీయా అని అడిగినట్టు.

పైనమ్మకు ఆ రోజు నుంచి మనసు మనసులో లేదు. వెళ్తే చేతిలో పని నిలుస్తుంది. చిన్నప్పట్నుంచీ కోరి నేర్చుకున్న పని అది. కానీ భర్తది దర్జీ దుకాణం. వీధి మలుపులో పెట్టి, ఎన్నో ఈగలు తోలి, ఇప్పుడిప్పుడే నలుగురి నోళ్లలో నానుతోంది. కూతురికి బడిలో ఇదే ఆఖరి ఏడు. అత్తగారేమో మోకాలు అరిగిపోయి, ఇక్కడి ఆసుపత్రిలో ఆపరేషను కోసం ఎదురుచూస్తోంది. ఇంటిని ఎత్తి ఓడలో పెట్టే క్రేను ఇంకా ఎవరూ కనిపెట్టలేదు కదా!

అందుకని దేవుణ్ణి అడిగింది. ఆమె అయినదానికీ కానిదానికీ దేవుణ్ణి విసిగించే మనిషి కాదు. అలాంటిది తెల్లారకముందే లేచి, వంటింట్లో కుర్చీ లాక్కుని, కళ్లు మూసుకుని రోజూ ఒకే మాట. "తండ్రీ, వెళ్లమంటావా, ఉండమంటావా? ఏదైనా సరే. నువ్వెటు పొమ్మంటే అటే పోతాను. ఒక్క ముక్క చెప్పు చాలు." చెప్పి, చెవులు రిక్కించి కూర్చునేది. ఫ్రిజ్ గురగురలాడేది. పక్కింటి కుళాయి కారేది. అంతే.

నోటితో చెప్పకపోతే గుర్తుగానైనా చూపిస్తాడేమోనని కళ్లకు పనిపెట్టింది. ఒక ఉదయం బస్సు దిగేసరికి రేవు దారికి అడ్డంగా 'దారి మూసివేయబడినది' అని బోర్డు. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. ఇదే కదా, వెళ్లొద్దంటున్నాడు! రోజంతా తేలికగా పనిచేసింది. సాయంత్రం వచ్చేసరికి పైపులు బాగుచేసినవాళ్లు ఆ బోర్డును తీసి బండిలో పడేస్తున్నారు. 'దారి తెరిచాడు, అంటే వెళ్లమనా?' అనుకుంది. వెంటనే తన మీద తనకే చిరాకేసింది. నీళ్ల పైపుల వాళ్ల బోర్డులు చదువుకుని బతుకు తేల్చుకునే స్థితికి వచ్చిందన్నమాట!

ఇంట్లో భర్తను అడిగితే అంతకన్నా ఘోరం.

"నీ ఇష్టం" అన్నాడు దర్జీ, సూదిలో దారం ఎక్కిస్తూ.

"నా ఇష్టమేంటండీ? మీ దుకాణం కాదా? మీ అమ్మ కాదా?"

"అందుకే, నువ్వేది అంటే అది. నేనెప్పుడైనా నీ మాటకు అడ్డొచ్చానా?"

"అడ్డురండి! ఒక్కసారి అడ్డురండి! వెళ్దామనండి, నేను వద్దంటాను. వద్దనండి, నేను పోట్లాడతాను. గోడతో ఎంతసేపు మాట్లాడను?"

అతను నీళ్లు నమిలి, "దేవుడు చూపిస్తాడులే" అన్నాడు. ఆమె విసురుగా లేచి వెళ్లిపోయింది. చేతిలో ఏదైనా ఉంటే విసిరేసేదే.

రేవులో ఆమెకు దగ్గరి మనిషి విజిల్ బాబాయ్. క్రేను కింద నిలబడి, పెట్టె ఎత్తమనీ దించమనీ రేడియోలో చెప్పే సిగ్నల్ మనిషి. రేడియోలు రాక ముందు ఈల వేసి పని నడిపించిన రోజుల్లో వచ్చిన పేరది. ఆయనకు దేవుడి మీద మహా గురి. టీ తాగుతూ ఆమె గోడు విని, తాపీగా అన్నాడు.

"మంచు కమ్మినప్పుడు నీకు కింద ఏమీ కనపడదు కదమ్మా. నేను కొంచెం ఎడమ అంటే ఎడమ, ఇంకొంచెం దించు అంటే దించుతావు. దేవుడూ అంతే. ఒక్కో మెట్టే చెప్తాడు. నమ్మాలి."

"బాబాయ్, నువ్వు చెప్తావు కాబట్టి దించుతాను" అంది ఆమె. "నువ్వు రేడియో కట్టేసి ఇంటికెళ్లి పడుకుంటే? అప్పుడు కూడా దించమంటావా?"

విజిల్ బాబాయ్ టీ ఊదుకుంటూ కూర్చున్నాడు.

ఆ వారంలోనే ఆ సంఘటన జరిగింది. గాలి గట్టిగా వీస్తున్న మధ్యాహ్నం. లారీ మీది పెట్టెను ఎత్తి ఓడలో పెట్టాలి. పెట్టె నాలుగు మూలలా లారీకి బిగించే తాళాలుంటాయి. డ్రైవరు దిగి నాలుగూ తీశాడు, తీశానని చెయ్యి ఊపి మళ్లీ తన సీట్లో కూర్చున్నాడు. విజిల్ బాబాయ్ ఎత్తమన్నాడు. పైనమ్మ ఎత్తింది. రెండు జానలు లేచిందో లేదో, ఆమె కుర్చీ కింద ఏదో తప్పుడు బరువు తగిలింది. ఎవరో కొంగు పట్టి లాగినట్టు. ఏమిటని ఆలోచించలేదు. చెయ్యి దానంతటదే ఆగిపోయింది.

"బాబాయ్, ఏదో పట్టుకుంది! చూడు!"

వెనక మూల తాళం తుప్పుపట్టి, సగమే తెరుచుకుంది. పెట్టెతోపాటు లారీ వెనక చక్రాలు కూడా నేల వదిలి గాల్లో ఆడుతున్నాయి. ఇంకొంచెం ఎత్తి ఉంటే లారీ పక్కకు దొర్లి, లోపలి మనిషి నుజ్జయ్యేవాడు. ఆమె ఊపిరి బిగబట్టి, గుడ్డును దించినట్టు మెల్లగా దించింది. చక్రాలు నేలకు ఆనాకే ఆమె మీటల మీంచి చేతులు తీసింది.

ఆ రోజు క్రేను దిగి వచ్చేసరికి కింద జనం మూగారు. విజిల్ బాబాయ్ కళ్లు తుడుచుకుంటూ, "ఇంతకన్నా ఏం చెప్పాలమ్మా దేవుడు! ఆ తెరల గదిలో నీలాంటి మనిషి ఒకరు ఉండి తీరాలి. వెళ్లమంటున్నాడు" అన్నాడు.

ప్రాణం దక్కిన లారీ డ్రైవరు ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "నువ్వు ఎక్కడికీ వెళ్లకు తల్లీ. మా కోసమే దేవుడు నిన్నిక్కడ పెట్టాడు. ఉండమని చెప్తున్నాడు, తెలియట్లేదా?"

పైనమ్మ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. ఇన్నాళ్లకు ఒక గుర్తు వచ్చిందనుకుంటే, అది కూడా రెండు వైపులా తిరిగే తలుపే! మనిషి బతికినందుకు సంతోషమూ, దేవుడి మీద కోపమూ ఒకేసారి వచ్చాయి.

ఇంటికొచ్చి వంటింటి తలుపు వేసుకుంది. ఈసారి కుర్చీ లాక్కోలేదు, కళ్లు మూసుకోలేదు. నిలబడే అడిగేసింది. "ఏమయ్యా, నీకిది ఆటగా ఉందా? నీ మాట వింటానని నీ కాళ్లావేళ్లా పడుతుంటే నోరు పెగలదేం? వినని వాళ్లకు ఎలాగూ చెప్పవు, వింటాననే దానికీ చెప్పవు. మరి ఎవరికి చెప్తావు? వద్దులే! నిన్ను అడగడమే నాది బుద్ధి తక్కువ!"

తలుపు కిర్రుమంది. చేతికర్ర ఊతంగా అత్తగారు నిలబడి ఉంది. పైనమ్మకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. రోజూ పొద్దున్నా సాయంత్రమూ కిటికీ దగ్గర కూర్చుని పెదవులు కదుపుతూ ప్రార్థించే మనిషి ఆవిడ.

"అత్తయ్యా, అది... ఏదో నోరు జారి..."

"జారలేదులే, బాగానే తగిలింది" అంటూ అత్తగారు కుర్చీలో కూలబడింది. "నేను కిటికీ దగ్గర ఏం చేస్తాననుకున్నావు?"

"ప్రార్థన."

"తిట్లు. మీ మామయ్య పోయిన నాటి నుంచీ ఇదే. ఎందుకు తీసుకుపోయావు, నాకు ఈ మోకాలెందుకు ఇచ్చావు, నా కొడుక్కి నోరెందుకు ఇవ్వలేదు అని రోజూ కడిగేస్తాను."

పైనమ్మ నోరెళ్లబెట్టింది. "మరి ఏమన్నా చెప్పాడా?"

"ఏం చెప్తాడు! ఒక్క మాట చెప్పిన పాపాన పోలేదు."

"మరి ఇంకా ఎందుకు మాట్లాడతారు?"

అత్తగారు మోకాలు రాసుకుంది. "లేడనుకుంటే ఎవర్ని తిడతామే? ఎదురుగా ఉన్నాడనే కదా. అలిగి మాట్లాడటం మానేసినప్పుడు నాకు దిగులేసింది గానీ, పోట్లాడినప్పుడు ఎప్పుడూ వెయ్యలేదు. నువ్వు ఏదో ఒకటి తేల్చుకో. తప్పయితే ఆయన్నే తిడదాం, ఇద్దరం కలిసి."

ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఏడ్చాక కూడా చికాకు పోలేదు. కానీ ఆ చికాకులోనే ఒక సంగతి తెలిసొచ్చింది. ఇన్నాళ్లూ ఆమె దేవుణ్ణి అడిగింది దారి కాదు, పూచీ. తప్పు జరగదని ముందే హామీ రాసిమ్మంది. అది ఆయన ఇవ్వడు. ఇవ్వకపోయినా ఆయన ఎక్కడికీ పోడు.

మర్నాడు భర్త దుకాణానికి వెళ్లి, "నా పని వదులుకోలేను. వెళ్దామనుకుంటున్నానండీ" అంది.

దర్జీ కత్తెర పక్కన పెట్టాడు. ఈసారి నీ ఇష్టం అనలేదు. "నాకు ఈ దుకాణం వదలాలని లేదు" అన్నాడు. "చెప్తే నీ పని నావల్ల పోయిందంటావేమోనని భయం. అందుకే చెప్పలేదు."

"ఆ మాట అప్పుడే అంటే ఏం పోయేదండీ!" అని అరిచింది. కానీ పెళ్లయ్యాక అతను తనకు అడ్డురావడం అదే మొదటిసారి. ఇద్దరూ గట్టిగా పోట్లాడుకున్నారు. బట్టల కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు గుమ్మంలోంచే వెనక్కి మళ్లారు. చివరికి, ముందు ఆమె ఒక్కతే వెళ్లేట్టు, పిల్ల చదువూ అత్తగారి మోకాలూ ఒక కొలిక్కి వచ్చాక మిగతావాళ్లు వచ్చేట్టు ఒప్పుకున్నారు.

వెళ్లి మేనేజరుకు చెప్పింది. "సంతోషమమ్మా" అన్నాడతను. "అయితే చిన్న మాట. కొత్త రేవు పని ఆగింది. ఎప్పుడు మొదలవుతుందో పైనుంచి ఇంకా తెలియలేదు. నీ క్రేను మాత్రం ఈలోగా తీసేస్తున్నాం, అప్పటిదాకా నువ్వు యార్డులో ఉండు."

పైనమ్మ అక్కడే పగలబడి నవ్వింది. మేనేజరు భయపడి మంచినీళ్లు తెప్పించాడు.

ఆ తర్వాత చాలాకాలం ఆమె నేల మీదే పనిచేసింది. విజిల్ బాబాయ్ పక్కన నిలబడి, ఎండలో వానలో, ఇంకా తీయకుండా మిగిలిన వేరొకరి క్రేనుకు సిగ్నళ్లు ఇచ్చింది. ఒక్కరోజూ ఆ పని నచ్చలేదు. కాళ్లు వాచేవి, చెవుల్లో లారీల రొద మోగేది. రోజూ ఉదయం దేవుణ్ణి దులిపేసి గానీ బస్సెక్కేది కాదు. ఈలోగా అత్తగారికి ఆపరేషను అయింది. కూతురు బడి చదువు గట్టెక్కింది. దర్జీ తన దగ్గర పని నేర్చుకున్న మనిషికి దుకాణం అప్పగించి, అక్కడ కొత్తది పెడతానని తనంతట తానే అన్నాడు.

"చూశావా, అన్నీ ఎలా కుదిర్చాడో!" అంది అత్తగారు, కర్ర లేకుండా నడుస్తూ.

"కుదిర్చేవాడు ముందే చెప్తే నా ఒంట్లో ఇంత రక్తం మిగిలేది కదా అత్తయ్యా" అంది పైనమ్మ. ఆ మాటలో కోపం ఉంది. వెనకటిలా భయం లేదు.

చివరికి కొత్త రేవు నుంచి పిలుపు వచ్చింది. వెంటనే రావాలన్నారు. కంపెనీ ఇస్తానన్న ఇల్లు మాత్రం ఇంకా తయారు కాలేదట, ఎప్పుడవుతుందో తెలియదట. సామాను కడుతున్న దర్జీ కుట్టుమిషను పట్టుకుని, "దీన్ని ఎక్కడికి పంపమని రాయను?" అని అడిగాడు.

"నాకేం తెలుసండీ!" అని విసుక్కుంది ఆమె. "ముందు రైలెక్కించండి. దిగాక ఆ పైవాణ్ణే అడుగుదాం."