ఉమ్మడి తీగ

థెల్మా బూషే ఎవరినీ నమ్మే మనిషి కాదు. క్రిస్మస్‌కి ఎవరైనా కార్డు పంపితే, అటూ ఇటూ తిప్పి చూసి, వీళ్ళకి నాతో ఏం పని పడిందో అనుకునేది. అందుకే హార్ట్ హాలో ఊరివాళ్ళు ఏరికోరి ఆమెనే ఇంటర్నెట్ బోర్డుకి పంపారు.

వెర్మాంట్ కొండల్లో ఆ మూలకి ఇంటర్నెట్ తీగ వెయ్యడానికి కంపెనీలేవీ ముందుకు రాలేదు. మైలుకి మూడిళ్ళు లేని చోట మాకేం గిడుతుందని మొహం మీదే చెప్పేశాయి. జనమేమో ఏ చిన్న పనికైనా మంచులో లైబ్రరీ బయట కార్లు ఆపుకుని, దాని సిగ్నలు పట్టుకుని వణుకుతూ కూర్చునేవారు. చివరికి చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఏకమై, తలా ఇంత వేసుకుని మనమే లాగించుకుందామని బోర్డు పెట్టుకున్నాయి. ఊరికొక ప్రతినిధి.

కిందటి మార్చి ఊరిసభలో థెల్మా లేచి ఈ ఆలోచనని చీల్చి చెండాడింది. "ఉమ్మడి గొర్రె పుచ్చి చస్తుంది. ఫైరింజను సంగతి అప్పుడే మరిచిపోయారా?" అంది.

అది మరిచిపోయే సంగతా? పాతికేళ్ళ కిందట హార్ట్ హాలో, పక్కనున్న డన్‌బరీ కలిసి ఒక ఫైరింజను కొన్నాయి. దాన్ని డన్‌బరీలో ఉంచారు. జూలై నాలుగు, స్వాతంత్ర్య పండగనాడు థెల్మా వాళ్ళ పశువుల కొట్టం అంటుకుంది. ఫైరింజనేమో డన్‌బరీ ఊరేగింపులో పిల్లల్ని ఎక్కించుకుని తిరుగుతోంది. అది కొండెక్కి వచ్చేసరికి కొట్టమూ లేదు, ఆవులూ లేవు. నడిపినవాడు రోస్కో టటిల్. ఆనాటి నుంచి థెల్మా డన్‌బరీ కొట్లో రొట్టె ముక్క కొన్న పాపాన పోలేదు.

ఇంత అనుమానపు మనిషి కాపలా ఉంటే మన వాటా ఎవడూ మింగలేడని ఊరు లెక్కేసుకుంది. ఆమె పైకి సణిగినా, లోపల మురిసింది. అసలు తీగ మీద ఆశ ఆమెకి లేక కాదు. భర్త అర్మాండ్ గ్రానైట్ షెడ్డులో రాతి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. వారం వారం కొండ దిగి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇంట్లో సరైన ఇంటర్నెట్ ఉంటే చాలాసార్లు తెర మీదే చూసేస్తానని డాక్టరమ్మ ఏడాదిగా చెబుతోంది.

బోర్డులో డన్‌బరీ ప్రతినిధి ఎవరయ్యా అంటే, ఆ రోస్కోనే. అతను నమస్కారం పెడితే ఆమె కిటికీలోంచి బయటికి చూసేది. సభకి డోనట్లు ఎవరు తెచ్చారో, ఎందుకు తెచ్చారో తేలేదాకా ముట్టుకునేది కాదు.

ఫిబ్రవరిలో అర్మాండ్ ఆసుపత్రిలో ఉండటంతో ఆమె ఒక సమావేశానికి వెళ్ళలేకపోయింది. తీగ ఎక్కడ మొదలుపెట్టాలో ఆ రోజే తేల్చారు. అన్ని ఊళ్ళలోకీ ముందు థెల్మా ఉండే రోడ్డే.

ఆమె కొండ దిగేలోపే కబురు పోస్టాఫీసు చేరింది. పక్క రోడ్డులో ఉండే లొరెయిన్ స్టాంపులు కొంటూ, ఎటో చూస్తూ, "బోర్డులో మనిషుంటే ఆ దారే వేరులే" అంది. ఆమెని తప్పుపట్టడానికి లేదు. ఎవరినీ నమ్మకండని ఇన్నేళ్ళూ ఊరికి పాఠం చెప్పిన పంతులమ్మ తనే కదా.

తిన్నగా డన్‌బరీ వెళ్ళింది. రోస్కో తన పాకలో మేపుల్ చెట్ల రసం పాకానికి కాస్తున్నాడు.

"మా రోడ్డు ముందు పెట్టించింది ఎవరు?"

"నేనే. ఎక్కడో ఒకచోట మొదలెట్టాలి కదా, అక్కడ మొదలెడదామన్నాను. ఎవరూ కాదనలేదు."

"నీకెందుకు అంత ప్రేమ?"

రోస్కో పొయ్యిలో కట్టె ఎగదోశాడు. "ఆ రోజు ఆలస్యంగా వచ్చాను కనక."

"కొట్టానికి బదులు తీగ ఇస్తున్నావా?"

"కొట్టానికి బదులేముంది థెల్మా. అర్మాండ్ ఎలా ఉన్నాడు?"

ఆమె వెనక్కి తిరిగి కారెక్కింది. దారి పొడుగునా అతని మాటల్లో అబద్ధం ఎక్కడుందా అని వెతికింది. దొరకలేదు. దానికే ఎక్కువ కోపం వచ్చింది.

ఈ ఏటి మార్చి ఊరిసభలో ఆమె తనే తీర్మానం పెట్టింది: మా రోడ్డుని అన్నిటికన్నా చివర పెట్టమని ఈ ఊరు బోర్డుని కోరాలి. రోస్కో చెప్పింది చెప్పినట్టు అందరికీ చెప్పేసింది. "నా పేరుకి మచ్చ పడనివ్వను" అంది. చివరంటే రెండేళ్ళు. అర్మాండ్‌కి అన్నాళ్ళుండకపోవచ్చని ఆమెకి తెలుసు.

అప్పుడు వెనక వరసలోంచి అర్మాండ్ లేచాడు. ముక్కుకి గొట్టం, పక్కన ఆక్సిజన్ బండి. ఆ సభకి ఏటా భోజనం కోసమే వచ్చే మనిషి.

"అధ్యక్షా, మా ఆవిడ మాట వినకండి. ఓట్ల కోసం దగ్గుతున్నానని నన్నే అనుమానించే రకం." జనం నవ్వారు. అతను ఊపిరి కూడదీసుకునేదాకా ఆగాడు. "నాకా తీగ కావాలి. సిగ్గు విడిచి అడుగుతున్నాను. ఆసుపత్రికి పోయొచ్చేసరికి నా పని అయిపోతోంది."

థెల్మాకి తల కొట్టేసినట్టయింది. అతని కోటు పట్టుకుని లాగుదామంటే చెయ్యి అందలేదు.

అధ్యక్షుడు తీర్మానం చదివి, ఔననేవాళ్ళు చెప్పండన్నాడు.

"ఔను" అంది థెల్మా. హాలంతటికీ ఆ ఒక్క గొంతే వినబడింది.

కాదనేవాళ్ళు అనగానే కిటికీ అద్దాలు అదిరాయి. అందరికన్నా గట్టిగా అరిచింది లొరెయిన్.

థెల్మా కూర్చుంది. వీళ్ళకి నాతో ఏం పని పడిందా అని ఒక్కొక్క మొహమే పట్టిపట్టి చూసింది. ఎవరి మొహంలోనూ ఏ పనీ కనబడలేదు. అప్పుడు ఏడుపొచ్చింది.

సాయంత్రం ఇంటికి పోతూ కారుని డన్‌బరీ మీదుగా తిప్పింది. అర్మాండ్ ఎందుకని అడగలేదు. కొట్లోకి వెళ్ళి ఒక రొట్టె కొంది. దాని మీద తారీఖు మాత్రం రెండుసార్లు చూసుకుంది.