రెండు బడుల తీగలు

ఆ రోజు మా అల్లుడి సంచిలో ఇస్త్రీ చొక్కాలు సర్దుతున్నాను. దూరపు ఊళ్ళో కొత్త ఉద్యోగం. ముందు తను వెళ్ళి ఇల్లు చూసుకుని, తర్వాత మా అమ్మాయినీ పిల్లనీ తీసుకెళ్తానన్నాడు. ఎవరు గడప దాటినా నాకు గుండె పీచుపీచుమంటుంది. పెట్టిన తువ్వాలే తీసి మళ్ళీ పెట్టాను.

అతను బడిలో కంప్యూటర్లు చూసేవాడు. ఒకే ఆవరణలో పెద్దబడి, చిన్నబడి. పసిపిల్లల వివరాలు పెద్ద పిల్లల చేతికి చిక్కకూడదని దేని నెట్‌వర్కు దానిదే. ఆఫీసు గదిలో మాత్రం ఒక్కటే కంప్యూటర్. ఏ బడి పని ఉన్నా, ఏ బడి తల్లిదండ్రులకు మెసేజ్ పంపాలన్నా ఆ బడి తీగ దానికి తగిలించేవాడు.

"ఒకటి పీకాకే ఇంకోటి పెట్టాలి అత్తయ్యా. రెండూ ఉంటే అది తనకు తోచిన దారిన పోతుంది" అని ఒకసారి చెప్పాడు.

"మా అమ్మాయిలాగే అన్నమాట" అన్నాను. పడీపడీ నవ్వాడు.

తన తర్వాత వచ్చేవాళ్ళకు తీగలు మార్చే బాధ లేకుండా, రెండు నెట్‌వర్కులూ ఒకేసారి పనిచేసేలా చెయ్యమంది పెద్ద టీచరమ్మ. అదే ఆఖరి పని. అది ముగించి సాయంత్రం బస్సెక్కాలి.

మధ్యాహ్నం చిన్నబడి ఆయా ఫోన్ చేసింది. "అమ్మా, మీ మనవరాలు ఇంటికొచ్చిందా?"

"ఇప్పుడెందుకొస్తుంది, బడిలో ఉండాలిగా?"

"నీళ్ళ పైపు పగిలి ఒంటిపూటే పెట్టారు. తీసుకెళ్ళమని అందరికీ మెసేజ్ పోయిందన్నారు. పిల్లల్ని గేటు దగ్గరికి పంపాం. ఎవరూ రాలేదు. మీ పిల్ల కనపడట్లేదమ్మా."

చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాను. గేటు దగ్గర పెద్దబడి పిల్లల తండ్రులు గుమిగూడారు. ఒకాయన నూనూగు మీసాల కొడుకును చెయ్యి పట్టి లాగుతున్నాడు.

"చిన్నారిని వెంటనే తీసుకెళ్ళండని వచ్చిందిరా. నడుస్తావా, ఎత్తుకోనా?"

చుట్టూ ఒకటే నవ్వులు. వాళ్ళను తోసుకుంటూ లోపలికి పోయాను.

ఆఫీసు గదిలో అల్లుడు కంప్యూటర్ ముందు కొయ్యబారి నిలబడ్డాడు. రెండు తీగలూ దానికే ఉన్నాయి.

"చిన్నబడికి పంపాననుకున్నాను అత్తయ్యా. పెద్దబడికి పోయింది." రెండు తీగల వైపూ చూపించాడు. "బస్సు ధ్యాసలో పడి సరిచూసుకోలేదు."

"పిల్లేది బాబూ?" అన్నాను. అతను గేటు వైపు పరుగెత్తాడు.

వెతగ్గా వెతగ్గా బస్టాండులో దొరికింది. ఒకటో తరగతి పిల్ల, లారీలు తిరిగే రోడ్డు ఒక్కతే దాటింది. బల్ల మీద కూర్చుని కాళ్ళూపుతోంది.

"నాన్న ఎలాగూ ఇక్కడికే వస్తాడుగా" అంది.

అతను ఎత్తుకోబోయి చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఇంతలో కబురంది, తను పనిచేసే కుట్టుపని దుకాణం నుంచి మా అమ్మాయి వచ్చి పడింది. పిల్లను గుండెకు హత్తుకునే జరిగిందంతా విన్నది. గొంతు పెంచలేదు.

"మీ బస్సుకి టైమవుతోంది. వెళ్ళండి."

"ఒక్క మాట విను."

"వెళ్ళండన్నానుగా."

"దాని కోపం ఎంతసేపు బాబూ, పాలపొంగు" అన్నాను ఇంటికొచ్చాక.

"తన కోపం తగ్గుతుంది అత్తయ్యా" అన్నాడు. "పిల్లను ముట్టుకోవడానికే నాకు చేతులు రావట్లేదు."

ఆ సాయంత్రం బస్సుకే వెళ్ళాడు. మా అల్లుడు మళ్ళీ రాలేదు, మా అమ్మాయినీ పిల్లనీ తీసుకెళ్ళనూ లేదు. అది నా మనవరాలు ఒకటో తరగతి చదివిన ఏడు, వేసవి సెలవులకు ముందు.