నిన్నటి తారీఖు

ఒక్కొక్కరికీ రెండేసిసార్లు చెప్పాను. నోరు నొప్పి పుట్టేలా చెప్పాను. అయినా బుధవారం పొద్దున ఊరంతా కలిసి నా కష్టాన్ని బూడిదలో పోసిన పన్నీరు చేశారు.

పత్తి అమ్మాలంటే ముందు ఫోన్లో టోకెన్ తీసుకోవాలి. సరిగ్గా ఎనిమిదింటికి మొదలై పావుగంటలో అయిపోతాయవి. దేవరకొండ అవతల ఉన్న మా ఊరికీ, చుట్టూ ఉన్న తండాలకూ ఒకటే టవర్. అందరూ ఒక్కసారే యాప్ తెరిస్తే అది మొరాయిస్తుంది. రెండు వారాలుగా ఊళ్ళో ఒక్కరికీ టోకెన్ దొరకలేదు.

పంచాయతీ ఆఫీసులో కంప్యూటర్ పని నాది. రైతు వివరాలు, మిల్లుల జాబితా, అన్నీ ముందురోజే ఫోన్లోకి దించిపెట్టుకునే వీలు ఆ యాప్‌లో ఉందని నేనే కనిపెట్టాను. అలా చేస్తే పొద్దున ఒక్క మీట నొక్కితే చాలు, టవర్ మీద బరువు పడదు. మంగళవారం మధ్యాహ్నం నెట్‌వర్క్ ఖాళీగా ఉన్నప్పుడు, అన్నం కూడా తినకుండా అరవై ఫోన్లలో దించి, పొద్దున ఆ మీట తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దని చెప్పాను.

నా బెంగంతా సైదమ్మ గురించే. ఒంటరి మనిషి. చిల్లులు పడ్డ రేకుల ఇంట్లో నిలువెత్తు పత్తి పోసుకుని, తాను అరుగు మీద పడుకుంటోంది. గురువారం నుంచి వానలంటున్నారు. తడిసిన పత్తిని మిల్లువాళ్ళు ముట్టుకోరు.

ఎనిమిదయింది. ఆఫీసు ముందు చేరిన జనం చేతుల్లో ప్రతి ఫోన్లోనూ చక్రం తిరుగుతూనే ఉంది. భిక్షం ఫోన్ లాక్కుని చూశాను. అన్నీ మళ్ళీ మొదటినుంచి దిగుతున్నాయి.

"గిదేం పని భిక్షమన్నా? నిన్ననే ఎక్కించిన గద!"

"మీద నిన్నటి తారీఖున్నది సారూ. గందుకే తీసేసి కొత్తది ఎక్కిస్తున్న."

అతని పక్కనున్న పర్వతాలు ఫోన్ చూశాను. అదే. నాగరాణిదీ అదే. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆపండని అరిచాను. ఎవరూ ఆపలేదు. తను ఆపితే పక్కవాడికి దొరుకుతుందని ప్రతి ఒక్కరికీ భయం. ఎనిమిదీ పావుకు టోకెన్లు అయిపోయాయని మాత్రం అందరికీ ఠంచనుగా మెసేజ్ వచ్చింది.

సైదమ్మ ఇంకా కొంగుతో ఫోన్ అద్దం తుడుస్తూనే ఉంది. ఆమె కూడా కొత్తగా ఎక్కించుకుంటోందని చూడగానే ఉన్న కోపమంతా ఆమె మీదే కక్కేశాను.

"నీకేం పుట్టిందవ్వా? నిన్నటిది నడువదని ఎవడు చెప్పిండు?"

ఆమె తలెత్తి చూసింది.

"నువ్వే గద సారూ. పింఛను కాయితం తెస్తె పాత తారీఖున్నదని మూడుసార్లు తిప్పి పంపినవ్. ఊరోళ్ళనందర్నీ గట్లనే పంపినవ్. నీ కాడ పాత తారీఖు నడువదని అందరికి ఎరుకే."

చుట్టూ ఉన్నవాళ్ళలో ఒక్కరు కూడా కాదనలేదు.

"మబ్బు పడ్తాంది," అంది సైదమ్మ ఆకాశం వైపు చూసి. "పత్తి మీద కప్పేతందుకు ఏమన్న ఉంటె జర ఇయ్యి సారూ."

ఆఫీసు గదిలో టార్పాలిన్ ఉంది. దరఖాస్తు లేకుండా ఇంతవరకూ దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. దాన్ని భుజాన వేసుకుని, తల దించుకుని, ఆమె వెనకాలే వాళ్ళింటికి నడిచాను.