కుట్టుకు వదిలిన అంచు

సంచీలో అడుగున తువ్వాలు పరిచింది టైలరమ్మ. దాని మీద రెండు చొక్కాలు, బొత్తాలన్నీ మళ్ళీ బిగించినవి. సబ్బు, గ్లాసు, కళ్ళజోడు. చెప్పుల దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. కుడికాలి చెప్పు పట్టుకుని కాసేపు నిలబడి, ఏదో అనుకుని, అనుకున్నందుకు నాలుక కరుచుకుని, రెండు చెప్పులూ కాగితంలో చుట్టి పెట్టేసింది.

"ఆసుపత్రిలో రెండు రోజులకి ఇంత మూటేమిటే? నన్నక్కడే అమ్మేసి వస్తావా?" అన్నాడు డ్రైవరు మంచం మీంచి.

"కుంటి గుర్రాన్ని ఎవరు కొంటారు?"

"నా బండి కొనుక్కుంటుందిలే. అది నన్ను వదులుకోదు."

ఆ మాట టైలరమ్మకి ఎప్పటిలాగే చురుక్కుమంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ మనిషి ఇంట్లో ఉన్న రోజులకంటే లారీలో ఉన్న రోజులే ఎక్కువ. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్ళు వేళాకోళమాడేవాళ్ళు: "నీ సవతికి ఆరు చక్రాలు, నీకు రెండు కాళ్ళు. ఎక్కడని పట్టుకుంటావమ్మా?" నోట్లో గుండుసూదులు పెట్టుకున్న ఆవిడ నవ్వినట్టు తల ఊపేది.

అలాంటి మనిషిని ఒక బూటు ఇంట్లో కూర్చోబెట్టింది. కుడి బొటనవేలి మొదట్లో ఒరుసుకుని పుండు పడింది. నెలలు గడిచినా మానలేదు, అంచులు నల్లబడ్డాయి. మోకాలి కింద రక్తనాళాలు మూసుకుపోయాయని, పాదానికి రక్తం అందడం లేదని డాక్టరు చెప్పాడు. తొడ దగ్గర్నుంచి సన్నటి తీగ పంపి, బెలూను ఉబ్బించి దారి తెరిచాడు. తెరిచినంత మాత్రాన పుండు మానుతుందని చెప్పలేమనీ, కాలు నేల మీద మోపకూడదనీ, బండి మాటే తలవకూడదనీ చెప్పి ఇంటికి పంపాడు.

బయటికి చెప్పుకోలేదు గానీ, టైలరమ్మకి అంత సుఖం ఎన్నడూ తెలియదు. మిషను తొక్కుతూ తలెత్తితే ఎదురుగా మొగుడు. ఇద్దరూ ఒకే వేళకి కంచాల ముందు కూర్చునేవాళ్ళు. ఆయన గురక వింటూ నిద్రపోయేది. పుండు పుణ్యమా అని మొగుడు దొరికాడు అనుకుని, చెంపలేసుకునేది.

ఆ సుఖంలో నిప్పులు పోసింది నర్సు పిల్ల.

వారం వారం ఇంటికొచ్చి కట్టు మార్చేది. మొదటి రోజే ఆయన పాదం మీద బిళ్ళలాంటిదొకటి అంటించి, చర్మానికి ప్రాణవాయువు ఎంత అందుతోందో చూసింది. అంకె చూసి కళ్ళు ఇంతలు చేసుకుని, "మావయ్యా, ఇది మానే కాలు. మళ్ళీ స్టీరింగు పడతారు, రాసిపెట్టుకోండి" అంది. పరీక్ష పాసయిన కుర్రాడిలా వెలిగిపోయాడాయన.

టైలరమ్మకి ఒళ్ళు మండింది. ఆయన మావయ్య అట, తను మాత్రం పెద్దమ్మ అట! ఆయన మావయ్యయితే తను అత్తయ్య కావాలి గదా, ఈ కొత్త వరసెక్కడిది? పైగా ఆ పిల్ల వచ్చే రోజున ఆయన పొద్దున్నే గడ్డం గీసుకుని, ఉన్న నాలుగు వెంట్రుకలూ దువ్వుకునేవాడు.

ఒకసారి కట్టు విప్పితే దూదికి ఎర్రగా నెత్తురంటింది. "అయ్యో, పొడిచేశావే పిల్లా!" అని అరిచింది టైలరమ్మ. నర్సు నవ్వింది. "నెత్తురొచ్చిందంటే దారి తెరుచుకుందన్నమాట పెద్దమ్మా. ఎండిపోయి ఉంటేనే భయం."

తర్వాత పుండు మీద పలచటి పారదర్శక కాగితం వేసి, అంచు వెంబడి కలంతో గీసేది. నెల తిరిగేసరికి ఆ గీత సగానికి కుంచించుకుపోతే మానుతుందని నమ్మకం. లేకపోతే నాళం మళ్ళీ పూడుతోందని అనుమానించాలి.

ఆ గీతలు చిక్కిపోతున్న కొద్దీ టైలరమ్మ కూడా చిక్కిపోయింది. చివరికి ఒకరోజు నర్సు చేతిలోంచి కలం లాక్కుంది. "ఇకమీదట నువ్వు శ్రమపడి రావక్కర్లేదు. గుడ్డ మీద గీతలు గీసే ఇన్నేళ్ళు బతికాను. కట్టు కడతాను, గీస్తాను, కాగితం డాక్టరుగారికి నేనే చూపిస్తాను."

నర్సుకి తిరగాల్సిన ఇళ్ళు ఇంకా చాలా ఉన్నాయి. సరేనంది.

ఆ వారం టైలరమ్మ శ్రద్ధగానే గీసింది. కాగితం చూసిన డాక్టరు మొహం చిట్లించాడు. "తగ్గడం లేదే? పైగా పెరిగింది." ఆవిడ తొంగి చూసింది. చూడగానే తెలిసిపోయింది. గీత పుండు అంచు మీద లేదు. చుట్టూరా అర అంగుళం ఎడంగా ఉంది. కత్తిరించే గుడ్డకి కుట్టుకోసం అంచు వదిలినట్టు, చెయ్యి తనంతట తనే వదిలేసింది. చెబుదామని నోరు తెరిచింది.

"బండి మాట మర్చిపొమ్మనండి. ఇంట్లోంచి కదలనివ్వొద్దు" అన్నాడు డాక్టరు.

తెరిచిన నోరు మూసుకుంది.

మరుసటి వారం కూడా అలాగే గీసింది. ఈసారి చెయ్యి కాదు, బుద్ధి గీసింది. అది చూసి డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "ఆసుపత్రిలో చేర్చండి. మళ్ళీ నాళం తెరిచి చూస్తాను. అప్పటికీ రక్తం దిగకపోతే వేళ్ళు రెండు తీయాల్సి రావచ్చు."

కాలు కదలకుండా ఉండాలని కోరుకుంది గానీ, కాలికి వేళ్ళు లేకుండా పోవాలని కాదు. అయినా ఇంటికొచ్చి నిజం దాచి, డాక్టరు మాటే చెప్పింది. అందుకే ఈ సంచీ.

ఆసుపత్రి గదిలో డాక్టరు చూస్తుండగా కట్టు విప్పింది ఆ నర్సు పిల్లే. పుండు చిటికెనవేలి గోరంత ఉంది, గులాబీరంగులో. టైలరమ్మ తెచ్చిన కాగితం దాని మీద పెట్టి చూసింది. గీత ఎక్కడో ఉంది, పుండు మధ్యలో ఎక్కడో ఉంది. నర్సు తలెత్తింది. హడావిడిలో టైలరమ్మ మెళ్ళోనే మరిచిపోయి వచ్చిన టేపు మీద ఆ పిల్ల చూపు ఆగింది.

"అత్తయ్యా, కుట్టుకి అంచు వదిలారా?"

డాక్టరు పగలబడి నవ్వాడు. డ్రైవరు ఇంకా పెద్దగా నవ్వాడు. "పుండుకి కూడా లోపల మడత పెట్టిందండీ! రేపు నేను లావెక్కితే విప్పుకోవచ్చని!"

తనూ నవ్వేస్తే సరిపోయేది. అంతటితో పోయేది. కానీ నర్సు కళ్ళలో జాలి కనిపించింది. ఆ పిల్ల అంతా గ్రహించింది. గ్రహించే ఈ సాకు చేతికందించింది. అత్తయ్యా అని పిలిచింది కూడా అందుకే. కాలు మానుతుందన్న మాటలో ఆ పిల్లదే గెలుపు, ఇప్పుడు మంచితనంలోనూ ఆ పిల్లదే పైచేయి కావాలా? టైలరమ్మ ఓర్వలేకపోయింది.

"మొదటిసారి అలవాటు" అంది. "రెండోసారి కాదు."

"అంటే?" అన్నాడాయన, నవ్వు ఇంకా పెదాల మీదే ఉంది.

"తెలిసే గీశాను. మానిపోతే మీరు వెళ్ళిపోతారని."

డాక్టరు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడు. డ్రైవరు తన పాదం వేళ్ళని ఒక్కొక్కటే చేత్తో తడుముకున్నాడు. బొటనవేలు, దాని పక్కది. తర్వాత నర్సు వైపు తిరిగాడు.

"బూటు ఎప్పుడు తొడుక్కోవచ్చమ్మా?"

నర్సు టైలరమ్మ వైపు ఒకసారి చూసింది. "ఎంతో పట్టదు మావయ్యా."

ఆయన తిట్టలేదు. తిడితే ఆవిడకీ నోరుంది, నాలుగు అని, ఏడ్చి, కాళ్ళు పట్టుకునేది. ఇంట్లో ఆయన పొరుగింటి ఆవిడతో మాట్లాడినట్టు మాట్లాడాడు. మంచినీళ్ళిస్తారా అన్నాడు ఒకరోజు. ఇస్తారా అని. ఆ రోజు ఆవిడ మిషను ముందు కూర్చుంది గానీ ఒక్క కుట్టూ వెయ్యలేకపోయింది.

నర్సు చెప్పినట్టే పుండు పూర్తిగా మానింది. చలికాలం మొదట్లో, ఒక మంగళవారం పొద్దున, డ్రైవరు రెండు కాళ్ళకీ బూట్లు తొడుక్కుని లారీ ఎక్కాడు. ఆ మంగళవారం తర్వాత ఆయన తిరిగి రాలేదు.