మలుపు దగ్గరి బోర్డు

ఆ రోజుకు ముప్పై ఒకటో రోడ్డు బోర్డు తోముతుండగా మేస్త్రీ షెడ్డులోంచి కేకేశాడు. ఆమె నిచ్చెన దిగింది. రాత్రిపూట మలుపు దగ్గర వ్యాను బోల్తాపడి కొడుకు పోయి పదకొండు రోజులు. ఇంట్లో కూర్చుంటే చేతులు ఏం చేసుకోవాలో తెలియక పనిలోకి వచ్చింది. నలభై బోర్డులు తోమితేనే పూర్తి కూలి. త్వరగా తెమలాలని ఇనుప పీచూ, గరుకు పొడీ మేస్త్రీయే ఇచ్చాడు.

“ఇక్కడ సంతకం పెట్టమ్మా.”

ఆమె కాగితాన్ని కూడబలుక్కుని చదివింది. మలుపు బోర్డు ప్రమాదానికి ముందురోజే శుభ్రం చేశానని, అది స్పష్టంగా కనిపిస్తోందని రాసుంది.

“అంటే ఏంటయ్యా?”

“బోర్డులో లోపం లేదని. మీవాడికే కునుకు పట్టుంటుంది.”

“కునుకా? సాయంత్రం దాకా నిద్రపోయి, నేను లేపితే గానీ లేవలేదయ్యా. మెల్లగా పో నాన్నా అని సందు చివరిదాకా వెంటపడ్డాను కూడా.”

“తల్లివి, అలాగే అంటావు. పెట్టు.”

“ఆ బోర్డు ఒక్కసారి చూసొస్తా.”

దాన్ని ఊడదీసి షెడ్డు లోపల గోడకు ఆనించారు. బోర్డులకు రంగులేసే తాత దాని స్థానంలో పెట్టాల్సిన కొత్త బోర్డుకు బోల్టులు వెతుకుతున్నాడు. ఆమె తోమిన బోర్డు మీద మచ్చ లేదు. “నీ బోర్డుల్లో మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చే అమ్మా!” అనేవాడు కొడుకు, ఆ దారిన వ్యాను తోలుకెళ్తూ.

“తాతా, బాగానే ఉంది కదా?”

తాత లేచి షట్టరు కిందికి లాగాడు. చీకటైంది. ఆమె చేతికి టార్చి ఇచ్చాడు.

“కణత దగ్గర పెట్టుకుని చూడు తల్లీ. బండివాడికి ఇట్లాగే కనపడుద్ది.”

కొత్త బోర్డు భగ్గున వెలిగింది. బాణం గుర్తు మీదికి దూకినట్టయింది. ఆమె టార్చి తన బోర్డు వైపు తిప్పింది. ఏమీ లేదు. చీకట్లో చీకటి.

“బ్యాటరీ అయిపోయిందా తాతా?”

“బ్యాటరీ బాగానే ఉంది తల్లీ. దాని మీద మెరుపు పొర ఉంటది. మెత్తటి గుడ్డ, సబ్బునీళ్ళు తప్ప తగలకూడదు. పీచు పెట్టి రుద్దితే ఊడిపోద్ది. పగలు తెలీదు. చూసేవాళ్ళంతా పగలే వస్తారు. మేస్త్రీకి రెండుసార్లు చెప్పా. గుడ్డతో అయితే ఇరవై కూడా తెమలవన్నాడు.”

ఆమె దగ్గరకు వెళ్ళింది. బోల్టు రంధ్రం పక్కన, పీచు దూరని సందులో, గోరంత ముక్క మిణుకుమంది. అక్కడ సరిగా తోమలేకపోయానని ఆమె ఎన్నిసార్లు నొచ్చుకుందో.

కొడుకు బండెక్కినప్పుడల్లా టైర్లకు భయపడింది, వానకు భయపడింది, ఎదురొచ్చే లారీలకు భయపడింది. తన చేతులకు భయపడాలని ఆమెకెవరూ చెప్పలేదు.

మేస్త్రీ షట్టరు ఎత్తాడు. “అయిందా? పెట్టు మరి.”

“పెడతానయ్యా. దేంతో తోమానో రాయి. ఆ పీచూ, పొడీ ఎవరిచ్చారో కూడా రాయి. అప్పుడు పెడతా.”

“పిచ్చిదానా, ముందు నీ మెడకే చుట్టుకుంటుంది!”

“చుట్టుకోనీ. ఇంకా ఏం మిగిలిందని?”

ఆయన చాపిన పెన్నును ఆయన జేబులోనే పెట్టేసి బయటికొచ్చింది. పొద్దు వాలుతోంది. పొద్దుటి నుంచి తను తోమిన ముప్పై బోర్డులూ రోడ్డు పొడుగునా తళతళలాడుతున్నాయి. దూరాన ఒక బండి లైట్లు వేసుకుంది. దాని వెనక ఇంకొకటి.

“తాతా,” అంది ఆమె వెనక్కి తిరిగి, చేతిలోని టార్చి వదలకుండా, “ఇలాంటి టార్చీలు ఇంకా ఉన్నాయా? ఒక్కో బోర్డు దగ్గరా ఒకరం నిలబడాలి.”