రాసినది: లక్ష్మీప్రసాద్

ఆ రోజు వెబ్‌సైటులో మార్చాల్సింది ఒక్క అక్షరం కూడా లేదు. అయినా సత్యశ్రీ స్నానం చేసి, తడి తలకు తువ్వాలు చుట్టుకుని, తిన్నగా వచ్చి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. టెర్మినల్ తెరిచి బిల్డ్ కమాండ్ కొట్టింది.

అదంతా వాళ్ళ అన్న లక్ష్మీప్రసాద్ చేసిపెట్టిన ఏర్పాటు. హిందీ ప్రాంతంలో, దుర్గ్ పక్కన క్యాంప్ 2 బస్తీలో స్థిరపడ్డ శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకి ఒక సమితి ఉంది. పండగలు, రక్తదానాలు, పెళ్ళి సంబంధాలు అన్నీ ఆ సమితి సైటులోనే పెడతారు. ఎవరేం రాసి పంపినా ఒక ఫోల్డర్‌లో పడేస్తే చాలు, ఆ కమాండ్ కొట్టగానే పేజీలన్నీ మొదటినుంచీ కొత్తగా తయారైపోతాయి. ప్రతి పేజీ అడుగునా ‘రాసినది: లక్ష్మీప్రసాద్’ అని పడుతుంది. పక్కన ఆ రోజు తారీఖు పడుతుంది. ఆ పేరు ఉన్నది సెట్టింగుల ఫైల్లో ఒకే ఒక్క చోట. మార్చడానికి నిమిషం చాలు. చేతులు రావాలి కదా!

లక్ష్మీప్రసాద్ వానాకాలంలో పోయాడు. మామూలు జ్వరమే అనుకున్నారు. దుర్గ్ ఆసుపత్రికి ఆటోలో కూర్చుని మాట్లాడుతూ వెళ్ళిన మనిషి మళ్ళీ ఇంటికి రాలేదు. ఇప్పుడు ఇంట్లో తల్లి గున్నమ్మ, సత్యశ్రీ, అంతే.

తెరమీద పేజీల పేర్లు గబగబా పైకి జరిగాయి. చివర్న ఒక వరుస వచ్చి ఆగింది. ‘అయిపోయింది. టీ పెట్టు, సత్తీ.’

చెల్లెలికి పని నేర్పేటప్పుడు ఏడిపించడానికి ఆ వరుస పెట్టాడు వాడు. బిల్డ్ అయిన ప్రతిసారీ అది వస్తుంది. మొదట్లో అది చూసి ఆమె భోరుమనేది. ఇప్పుడు అలవాటైపోయింది.

“పెడతాను భయ్యా,” అంది పైకే.

కొత్త పేజీలు సైటులోకి ఎక్కించి ఫోనులో చూసుకుంది. రాసినది లక్ష్మీప్రసాద్, ఈ రోజు తారీఖు. అమ్మ కోసమే ఇదంతా అని తనకు తాను చెప్పుకుంది. గున్నమ్మ రోజూ పొద్దున్నే ఫోనులో ఆ పేజీ తెరిచి, కూడబలుక్కుని కొడుకు పేరు చదువుకుని, ఫోను కళ్ళకద్దుకుంటుంది మరి.

అంతలో సమితి ప్రెసిడెంటు భుజంగరావు ఫోను చేశాడు.

“ఏటమ్మా సత్తీ, సైటు సూసి మా కోడలు దడుసుకుని సచ్చింది. పెసాదు పేరూ, పక్కన నిన్నటి తారీఖూనా! అమ్మవారి పండగ పేజీ కూడా అలగే వస్తే జనం ఏటనుకుంతారు? తీసీ తల్లీ.”

“టూల్‌లో ఏదో ప్రాబ్లం ఉంది అంకుల్. చూస్తున్నాను.”

పచ్చి అబద్ధం. ఫోను పెట్టేసి వెనక్కి తిరిగితే, వంటగది గుమ్మంలో గున్నమ్మ నిలబడి ఉంది.

“నిజం సెప్పు. అది నీ సేతిలో పనేనా?”

సత్యశ్రీ తలకున్న తువ్వాలు విప్పి మళ్ళీ చుట్టుకుంది.

“రోజూ ఎవులితో మాటాడతన్నావో నాకు ఇనపడదనుకున్నావేటి?” గున్నమ్మ వచ్చి మంచం మీద కూలబడింది. “శివ్‌నాథ్ ఏటి ఒడ్డున పిండం పెడితే కాకి ముట్టనేదు. అప్పుడే అనుకున్నాను, ఈడు ఎల్లనేదని. పొద్దు లెగిసి సూస్తే వాడి పేరు, ఆ రోజు తారీఖు. బతికున్నప్పుడు ఎలగూ నిద్దర నేదు నా గుంటడికి. ఇప్పుడూ రోజూ పనికి లెగపతావేటే? ఒగ్గీయే వాడ్ని. తొంగోనియ్యే.”

ఫోను కళ్ళకద్దుకోవడం ప్రేమతో అనుకుంది సత్యశ్రీ ఇన్నాళ్ళూ. అమ్మ వాడికి దణ్ణం పెట్టి, వెళ్ళిపొమ్మని బతిమాలుతోందన్నమాట!

“నీ కోసమే అమ్మా...”

“నా కోసం కాదు. నీకు వాడు కావాల.”

అది నిజం.

సత్యశ్రీ సెట్టింగుల ఫైలు తెరిచింది. పేరు ఒక్కో అక్షరం వెనకనుంచి చెరుపుకుంటూ వచ్చింది. ఎవరో భుజం మీదినుంచి వంగి చూస్తున్నట్టే అనిపించింది, కానీ తిరిగి చూడలేదు. అక్కడ సమితి పేరు రాసింది. ఆ టీ వరుస కూడా తీసేసింది. తీస్తూ, “మాఫ్ కర్‌నా భయ్యా,” అని క్షమాపణ గొణిగింది. కమాండ్ కొట్టింది. పేజీలన్నీ జరిగిపోయి, ఏమీ అనకుండా ఆగిపోయాయి.

“అయిపోయిందేటి?” అంది గున్నమ్మ.

“అయిపోయింది. సైట్లోకి కూడా ఎక్కించేశాను.”

గున్నమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని ఫోను తెరిచింది. పండగ పేజీ అడుగుదాకా జరిపి చూసింది. రక్తదానం పేజీ చూసింది. ఆ తర్వాత వేలు తొందరపడసాగింది. పెళ్ళి సంబంధాలు, పాత ఫోటోలు, కిందటేటి పిక్నిక్, ఒకటి తరవాత ఒకటి తెరుస్తూనే ఉంది.

“ఎక్కడా నేడే నా గుంటడు?” అంది. “అన్నింట్లోంచీ ఒక్కపాలే పోనాడేటి? ఒక్కదాన్లోనైనా ఉంటాడనుకున్నానే!”

“నువ్వే కదమ్మా...”

“నానే అన్నాను. నానే.” ఫోను కింద పెట్టి కూతురి చెయ్యి పట్టుకుంది. “సత్తీ, ఒక్కపాలి పిలవ్వే. ఈ ఒక్క రోజుకే. పేరు సూసీసి ఒగ్గీద్దాం. మల్లీ అడగను, నీ మీద ఒట్టు.”

సత్యశ్రీ రెండో చెయ్యి అప్పటికే కీబోర్డు మీద ఉంది. ఆ పేరు కొట్టి ఎంటర్ నొక్కితే అన్న వచ్చేస్తాడు. ప్రతి పేజీలోకీ, ఈ రోజు తారీఖుతో, రెప్పపాటులో వచ్చేస్తాడు. రేపు అమ్మ మళ్ళీ అడుగుతుంది. ఎల్లుండి తనే అడగకుండా కొడుతుంది. ఎన్నేళ్ళయినా పిలిచినప్పుడల్లా వస్తాడు, పాపం.

ల్యాప్‌టాప్ మూసేసింది. తల్లి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

“భయ్యా చచ్చిపోయాడమ్మా,” అంది.

వానాకాలం నుంచీ ఆ మాట ఆమె నోటివెంట రావడం అదే మొదటిసారి.